స్విచ్చి వేసిన చెయ్యి

సింహాద్రి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్నవే మళ్లీ తుడుచుకున్నాడు. వేళ్ల సందుల్లో తడి లేదని నమ్మకం కుదిరాక ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, కుడి చెయ్యి తిరగేసి, వేలి కణుపులతో స్టీలు రెయిలింగును తాకాడు. అరచేత్తో ఎప్పుడూ తాకడు. కరెంటు ఉంటే అరచెయ్యి ముడుచుకుపోయి ఆ ఇనుమునే పట్టుకుంటుంది. చేతి వెనక భాగమైతే విదిల్చుకుని వచ్చేస్తుంది.

ఏమీ లేదు. రెయిలింగు చల్లగా, సముద్రపు ఉప్పుతో జిగురుగా ఉంది. ఊపిరి వదిలి రెండడుగులు పక్కకు జరిగి, మళ్లీ చేతులు తుడుచుకున్నాడు.

రుషికొండ దారిలో కొత్తగా కట్టిన హోటలు అది. తొమ్మిదో అంతస్తు పైన డాబా మీద, ఎనిమిదిమంది కూర్చోగల వేడినీళ్ల తొట్టి బిగించారు. హోటలు వాళ్లు దాన్ని జకూజీ అంటారు. సింహాద్రికి మాత్రం అది తొట్టే. నీళ్లూ, మనుషులూ, కరెంటూ ఒక్కచోట ఉండే తొట్టి. పదిహేను రోజులుగా దాని చుట్టూనే తిరుగుతున్నాడు గానీ ఒక్కసారి కూడా దానికి వీపు పెట్టి నిలబడలేదు.

అతనికి యాభై ఆరేళ్లు. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఎవరో వెనక నుంచి పిలుస్తారేమో అన్నట్టు భుజాలు ఎప్పుడూ పైకి లాగిపెట్టుకునే ఉంటాయి. ఎండాకాలంలో కూడా మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుగుతాడు. వాటిలో చెమట చేరి సాయంత్రానికి పాదాలు నాని ముడతలు పడతాయి. తోటి పనివాళ్లు "ఏటి బావా, ఇంట్లో కూడా బూట్లేసుకునే తొంగుంటావా?" అని ఎగతాళి చేస్తే నవ్వేస్తాడు. నిజానికి ఇంట్లో ఫ్యాను స్విచ్చి కూడా భార్య మంగాయమ్మే వేస్తుంది. అతను తీస్తాడు. వెయ్యడు. పెళ్లయిన కొత్తలో ఆమె అడిగింది. తర్వాత అడగడం మానేసి, గదిలోకి ముందు తనే వెళ్లడం అలవాటు చేసుకుంది.

ఈ భయమే అతనికి అన్నం పెట్టింది. కాంట్రాక్టరు దగ్గర పదిమంది ఎలక్ట్రీషియన్లున్నా పరీక్షల పని అతనికే ఇస్తారు. వేరేవాళ్లు ఒకసారి చూసేది అతను మూడుసార్లు చూస్తాడు. మూడోసారి కూడా నమ్మడు.

ఈ తొట్టి అడుగున నీళ్లు లాగే జాలీలు రెండున్నాయి. రెండూ ఉండి తీరాలి. ఒక్కటే ఉంటే, ఏ పిల్ల జుట్టో దానికి చిక్కుకుంటే, మోటారు బలమంతా అక్కడే లాగుతుంది. పిల్ల తల పైకి లేవదు. మొన్న ఒక జాలీకి నాలుగు స్క్రూలకు మూడే కనిపించాయి. నాలుగోది తెచ్చి బిగించేదాకా అతను ఇంటికి వెళ్లలేదు. గోడకున్న ఎర్ర బటను నొక్కితే మోటార్లు ఆగుతున్నాయా అని ఇరవైసార్లు నొక్కి చూశాడు. నీళ్లు నలభై డిగ్రీలు దాటకుండా ఉంటున్నాయా అని వంటింటి నుంచి వేరే థర్మామీటరు తెప్పించి పోల్చుకున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్క హీటరు.

పది గంటలకు సైటు ఇంజనీరు ఉమాశంకర్ పైకి వచ్చాడు. రాజమండ్రి కుర్రాడు, ముప్ఫై దాటి ఉండవు. తెల్లవారుజాము నుంచి ఫోనులో మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది.

"ఏవండీ సింహాద్రి గారూ, అయిపోయిందా? ఐదింటికి సేఫ్టీ ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. ఆరింటికి ఓపెనింగు. ఓనరు గారి చుట్టాలంతా దిగుతారండీ ఇందులో."

"హీటరు ఒక్కటీ సూడాల సార్. మీరు ఎయ్యండి. నాను ఇక్కడ సూత్తాను."

ఉమాశంకర్ విసుగ్గా నవ్వి గోడకున్న ప్యానెల్ దగ్గరికి వెళ్లి స్విచ్చి వేశాడు. మోటారు గుర్రుమంది. నీళ్లు బుడగలు కక్కాయి. అర నిమిషం తర్వాత హీటరు అందుకోగానే ప్యానెల్‌లో టప్‌మని చప్పుడై అంతా ఆగిపోయింది.

మళ్లీ వేశాడు. మళ్లీ టప్.

ఆ చప్పుడు చేసింది ట్రిప్ స్విచ్చి. కరెంటు దారి తప్పి ఎక్కడైనా కారుతుంటే కన్ను మూసి తెరిచేలోగా లైను తెంపేసే చిన్న పెట్టె. సింహాద్రి హీటరు తీగలు విప్పి మీటరు పెట్టి చూశాడు. ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. లోపల కాయిలు పగిలింది. కరెంటు నీళ్లలోకి కారుతోంది.

"పోయింది సార్ ఇది. మార్సాల."

"కొత్తది చెన్నై నుంచి రావాలండీ. నాలుగు రోజులు." ఉమాశంకర్ నుదురు రుద్దుకున్నాడు. "ఆ ట్రిప్ స్విచ్చిలోనే లోపమేమో. ఊరికే పడిపోతోందేమో."

"ఊరికే పడిపోవడం కాదు సార్. అది మనల్ని ఆపతంది."

ఉమాశంకర్ దూరంగా యారాడ కొండ మీద మబ్బు నీడ కదులుతుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కొంతసేపటికి, "మీరు భోంచేసి రండి. నేను ఏదో ఒకటి చూస్తాను" అన్నాడు.

విప్పిన తీగల కొసలకు టేపు చుట్టి సింహాద్రి కిందికి దిగాడు. ప్యానెల్ తలుపు మూశాడు. తాళం వెయ్యలేదు. తాళం చెవి ఇంజనీరు దగ్గరే ఉంటుంది.

సెల్లారులో పనివాళ్లు తినే చోట, గోడ వారగా కూర్చుని క్యారేజీ విప్పాడు. ఆనపకాయ కూర, పులుసు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు గానీ రుచి తెలియలేదు. "ఏదో ఒకటి చూస్తాను" అన్న మాట చెవిలో తిరుగుతోంది. ఆ మాట అన్నవాళ్లను అతను చాలామందిని చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అతని అక్క కాశమ్మ భర్త జగ్గారావు, ఒక ఐసు ఫ్యాక్టరీలో షాకు కొట్టి చనిపోయాడు. సింహాద్రికి కరెంటు భయం పట్టుకుంది అప్పటినుంచేనని అందరికీ తెలుసు. అందరికీ తెలిసింది అంతవరకే.

క్యారేజీ సగంలోనే మూసేసి లిఫ్టు ఎక్కాడు.

డాబా తలుపు తోసేసరికి మోటారు గుర్రుమంటోంది. తొట్టిలో నీళ్లు పొంగుతున్నాయి. పైన సన్నగా ఆవిరి.

ఆవిరి ఉందంటే హీటరు నడుస్తోంది. హీటరు నడుస్తోందంటే విప్పిన తీగలు మళ్లీ బిగించి, ట్రిప్ స్విచ్చిని తప్పించి పక్కనుంచి ఎవరో తీగ వేశారు.

తొట్టి అంచున గౌరీశ్వరి ఉంది. హోటల్లో ఊడ్చి తుడిచే పనికి భీమిలి వైపు నుంచి వస్తుంది. నలభై ఏళ్ల మనిషి. చీర కుచ్చిళ్లు దోపుకుని, చెప్పులు విడిచేసి, తడి నేల మీద వట్టి కాళ్లతో వంగి ఉంది. ఎడమ చెయ్యి స్టీలు రెయిలింగును పట్టుకుని ఉంది. కుడి చేతిలో గుడ్డ. నీళ్ల అంచున అంటుకున్న సిమెంటు మరక కోసం ఆ చెయ్యి కిందికి, నీళ్ల వైపుకు వెళుతోంది.

సింహాద్రి నోరు తెరిచాడు. గొంతు రాలేదు. కాళ్లు రాలేదు. ఒళ్లంతా ఒక్కసారిగా చల్లబడింది. ఆ బూట్లలో తన పాదాలు ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. గుడ్డ కొస నీళ్లకు జానెడు ఎత్తులో ఉంది. తర్వాత బెత్తెడు.

"అమ్మా! సెయ్యెత్తు!"

ఆ అరుపు తనదేనని అతనికి తెలియలేదు. గౌరీశ్వరి ఉలిక్కిపడి గుడ్డ వదిలేసి వెనక్కి కూలబడింది. గుడ్డ నీళ్లలో పడి బుడగల మీద తిరిగింది. సింహాద్రి పరుగున వెళ్లి ఎర్ర బటను నొక్కి, ప్యానెల్ తలుపు లాగి మెయిన్ స్విచ్చి దించేశాడు. మోటారు ఆగింది. అలల చప్పుడు వినిపించింది.

"ఏటన్నా? నానేటి సేసినాను? ఇంజనీరు బాబే తుడవమన్నారు" అంది గౌరీశ్వరి, ఏడుపు గొంతుతో.

అతను గోడకు ఆనుకుని జారి కూర్చుండిపోయాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఎండలో, ఏప్రిల్ నెలలో.

అరుపు విని ఉమాశంకర్ మెట్ల గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. సింహాద్రి అతన్ని తిట్టలేదు. మెల్లగా లేచి, గౌరీశ్వరిని తలుపు అవతలికి పంపి, మీటరు తీశాడు. ఒక తీగ కొస నీళ్లలో వేశాడు. రెండోది రెయిలింగుకు తగిలించాడు. "ఎయ్యండి సార్" అన్నాడు.

ఉమాశంకర్ వేశాడు. హీటరు అందుకుంది. మీటరు ముల్లు గబగబా లేచి నూట డెబ్భై దగ్గర ఆగింది.

ఇద్దరూ ఆ అంకెను చూస్తూ నిలబడ్డారు. సింహాద్రి మెయిన్ దించాడు.

"మళ్లీ ట్రిప్ అవుతుంటే... నీళ్లు ఒకసారి వేడెక్కించి హీటరు తీసేద్దామనుకున్నానండీ. అంతే. జనం దిగేటప్పటికి ఒట్టి మోటారే ఉంటుంది కదా" అన్నాడు ఉమాశంకర్. "ఇప్పుడైనా అలాగే చేద్దాం. ఇంకో గంట వేడెక్కనిచ్చి ఆపేద్దాం. పైకి ఎవర్నీ రానివ్వను, నేనే కాపలా ఉంటాను. మీరు వేసి, ఫారం మీద సంతకం పెట్టేయండి. ఏం కాదు. ఏదన్నా అయితే నాది బాధ్యత."

సింహాద్రి అతని ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఏ ఇంజనీరు ముఖంలోకీ అంతసేపు చూడలేదు.

"ఆయన కూడా అలగే అన్నాడు సార్."

"ఎవరు?"

"ఐసు ఫ్యాక్టరీల సూపరైజరు." మీటరు తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. "మా బావ ఉప్పునీళ్ల ట్యాంకీలో దిగి మోటారు సూత్తన్నాడు. నాను స్విచ్చి కాడ ఉన్నాను. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. సూపరైజరు బయట్నించి ఎయ్‌రా అన్నాడు. బావ పైకొచ్చేసినాడా అనడిగినాను. వచ్చేసుంటాడు, ఎయ్, నాది బాద్యత అన్నాడు. నాలుగడుగులేత్తే ట్యాంకీ కనబడును సార్. నాలుగే అడుగులు. నాను ఎల్లి సూడలేదు. ఏసేసినాను."

ఉమాశంకర్ ప్యానెల్ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వైరు పాతది, దాన్నించి షాక్ కొట్టిందని రాసుకున్నారు. నువ్వేటీ మాట్లాడకని నాకు సెప్పినారు. నాను మాట్లాడలేదు. ఆ సూపరైజరు మర్సటేడాదే ఏ ఊరెల్లిపోయినాడో. బాద్యత నా కాడే ఉండిపోయింది." అని కుడి చెయ్యి ఎత్తి చూపించబోయి, సిగ్గుపడ్డట్టు దించేసుకున్నాడు. "ఇంతవరకూ ఎవులికీ సెప్పలేదు ఇది. నాను ఎయ్యను సార్. మీరూ ఎయ్యకండి."

"నాకూ భయమే సింహాద్రి గారూ" అన్నాడు ఉమాశంకర్, చాలా చిన్న గొంతుతో. "ఈ పని పోతే మళ్లీ నాకెవరిస్తారండీ? మీకర్థం కాదు. సంతకం పెట్టకపోతే మీ ఉద్యోగం కూడా ఉండదు."

"అర్తమవుద్ది సార్."

పరీక్షల ఫారం నాలుగు పేజీలు. ఎప్పుడూ ఉమాశంకరే నింపేవాడు. సింహాద్రి చూపించిన చోట సంతకం పెట్టేవాడు. ఇప్పుడు అతనే దాన్ని తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, జాలీల దగ్గర, ఎర్ర బటను దగ్గర, నీళ్ల వేడి దగ్గర సరిగా ఉందని టిక్కులు పెట్టాడు. హీటరు దగ్గరికొచ్చి ఆగాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఏమని రాయాలో తెలియక తెలుగులోనే రాశాడు: "హీటరు చెడిపోయింది. నీళ్లలో 170 ఓల్టుల కరెంటు వచ్చింది. ట్రిప్ స్విచ్చి తప్పించి వేయరాదు. మనుషులు దిగరాదు." కింద పూర్తి పేరు, తేదీ, టైము. చిన్నపిల్లవాడి రాతలా పెద్ద పెద్ద అక్షరాలు. రాసిన కాగితాన్ని రిసెప్షనులో, ఇన్‌స్పెక్టరు వస్తే ఇవ్వమని చెప్పి ఇచ్చేశాడు. ఉమాశంకర్ వెంట వచ్చాడు. లిఫ్టు దాకా వచ్చాడు, రిసెప్షను దాకా వచ్చాడు. కాగితం లాక్కోవచ్చు. లాక్కోలేదు.

గేటు దగ్గర గౌరీశ్వరి ఎదురైంది. ఎవరు చెప్పారో, నీళ్లలో కరెంటు సంగతి ఆమెకు తెలిసిపోయింది. కుడి అరచేతిని చీర కొంగులో చుట్టుకుని గుండెలకు పెట్టుకుని ఉంది, కాలిన చెయ్యిని పట్టుకున్నట్టు.

"అన్నా, నాను ముట్టుకునుంటే?"

సింహాద్రి తల అడ్డంగా ఊపి నడిచాడు.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు మారి, సింధియా మీదుగా వెళ్లే బస్సెక్కి, ఇల్లున్న గాజువాకకు టికెట్ తీసుకున్నాడు. పోర్టు రోడ్డు మీద బొగ్గు లారీల వెనక బస్సు నత్తలా కదులుతోంది. కిటికీలోంచి నల్లటి దుమ్ము వచ్చి ముఖాన పడుతోంది. ఆరింటికి ఫోను మోగింది.

"ఇన్‌స్పెక్టరు సీలు వేసేశారండీ" అన్నాడు ఉమాశంకర్. "ఓపెనింగు ఆపేశారు." వెనక ఎవరో పెద్దగా కేకలు వేస్తున్నారు. "రేపట్నించి మీరు రావద్దన్నారు. నాది ఏమవుతుందో ఇంకా తెలీదు... ఉంటానండీ."

"ఉండండి సార్" అన్నాడు సింహాద్రి.

ఫోను జేబులో పెట్టుకుని, భయం కోసం ఎదురుచూశాడు. ఉద్యోగం పోయిందంటే రావలసిన భయం. రాలేదు. దాని వెనక ఇంకొకటి నిలబడి ఉంది, ఇరవై ఎనిమిదేళ్లుగా నిలబడే ఉంది. ఇవాళ పరాయివాడి ముందు నోరు తెరిచాడు. ఒకసారి బయటికొచ్చిన మాట ఇక లోపల ఇమడడం లేదు. మల్కాపురం రాగానే, టికెట్ ఇంకా ఉన్నా, దిగిపోయాడు.

కాశమ్మ ఇల్లు ఇరుకు సందులో, చివర్నుంచి రెండోది. భర్త పోయాక రొయ్యల షెడ్డులో పెంకు ఒలిచే పనికి వెళ్లి, కూతురు దేవిశ్రీని చదివించి పెళ్లి చేసింది. దేవిశ్రీ ఇప్పుడు అచ్యుతాపురంలో ఉంటోంది. ఐసులో నాని నాని కాశమ్మ వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. సూది గుచ్చినా తెలియదంటుంది. ఆదివారం ఆదివారం సింహాద్రి వస్తాడు. ఆమె చేపల పులుసు పెడుతుంది. తింటాడు. ఫ్యాను స్విచ్చి ఆమే వేస్తుంది.

ఇవాళ ఆదివారం కాదు. అరుగు మీద కూర్చున్న కాశమ్మ, సందు మొదట్లో అతన్ని చూసి లేచి నిలబడింది.

"ఏట్రా, ఈ పూటొచ్చినావు? మంగాయమ్మకి బాగుందా? మొకం అలగుందేటి?"

లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అతని పక్కన పెట్టింది. అతను బూట్లు విడిచి, నానిన పాదాలు అరుగు కింద నేల మీద ఆనించాడు. తొమ్మిదో అంతస్తు మీద కూడా ఇంత భయం వెయ్యలేదు.

"అక్కా, ఆ రోజు ఫ్యాక్టరీల స్విచ్చి ఏసింది నానే."

సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"ఏటన్నావు?"

"బావ నీళ్లలో ఉండగా స్విచ్చి నానే ఏసినాను. సూపరైజరు ఎయ్యమన్నాడు. ఏసినాను."

"మీ బావ లోపలున్నాడని నీకు తెల్సా?"

"నేదక్కా. సూడలేదు."

"సూడలేదు" అంది ఆమె. అడిగినట్టు కాదు, తిట్టినట్టూ కాదు. ఆ మాట బరువెంతో చూస్తున్నట్టు. తన మొద్దుబారిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

"ఇరవై ఎనిమిదేళ్లు నా సేతి కూడు తిన్నావు."

"తిన్నానక్కా."

"పాప పెళ్లికి పీటల మీద కూకున్నావు. మీ బావ బదులు."

అతను తలొంచుకున్నాడు. ఆమె కొడితే బాగుండునని, శాపనార్థాలు పెడితే బాగుండునని ఎదురుచూశాడు. కాశమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి మెల్లగా లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఇంతకాలానికేట్రా సెప్పడం" అంది. లోపలికి వెళ్లిపోయింది. తలుపు వెయ్యలేదు. లైటు కూడా వెయ్యలేదు.

సింహాద్రి చాలాసేపు కూర్చున్నాడు. లోపలి నుంచి ఏడుపు వినిపించలేదు, గిన్నెల చప్పుడు వినిపించలేదు. ఒకసారి మాత్రం మంచం కిర్రుమంది. దగ్గర్లోని ఆయిల్ రిఫైనరీ గొట్టం మీది మంట వెలుతురు ఎదుటి గోడ మీద ఎర్రగా పడి ఊగుతోంది. లోపలికి వెళ్లాలని లేచాడు. ఒక కాలు గుమ్మం దాకా వెళ్లింది. చీకటి గదిలో అక్క ఊపిరి వినిపించింది. పిలుపు రాలేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

బూట్లు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతోనే సందు చివరిదాకా నడిచి, మలుపు తిరిగాడు.

అరుగు మీద నీళ్ల గ్లాసు ఆమె పెట్టిన చోటే ఉంది. అంచుదాకా నిండుగా, తొణక్కుండా.